పెద్దచెయ్యి జతకు ఒకే సీటు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేనట్టుంది. తూర్పు వైపు తెల్లగా తేటపడింది. పడమటి వైపు మాత్రం ఒక నల్లటి మబ్బు, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన గిన్నె అడుగులా మాడిపోయి కూర్చుంది. గాలి కదలడం లేదు. ఇటుక బట్టీ గొట్టం నుంచి పొగ రావడం ఆగిపోయాక ఆకాశం అసలు రంగేమిటో అక్కడివాళ్ళకు ఈమధ్యే తెలిసింది. తెలిసినా ఇంకా అలవాటు పడలేదు. తల పైకెత్తినప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నవాళ్ళలా కాసేపు వెతుక్కుంటున్నారు.

పెద్దకోడలు గుమ్మంలో నిలబడి ఆ మబ్బును చూసింది. తలగుడ్డ బిగించి కట్టుకుని, పచ్చి ఇటుకలు ఆరబెట్టిన నేల వైపు నడకా పరుగూ కాని నడకతో పోయింది. అచ్చు పట్టేవాళ్ళకు వాన పగవాడి కింద లెక్క. ఆరని ఇటుక మీద నాలుగు చినుకులు పడ్డాయంటే చేసిన చాకిరీ అంతా మళ్ళీ బురదే. అందుకని మబ్బు కనిపిస్తే చాలు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

అయితే ఆ ఇటుకలను కాల్చవలసిన పొయ్యి ఆరిపోయింది. ఇక వెలగదు. వరసలుగా నిలబెట్టి ఉన్న ఆ చివరి ఇటుకలు ఎవరికీ అక్కర్లేనివి. వాటి మీద కప్పే పట్టా అంచు చేతికి తగిలాక గానీ ఆమెకు ఆ సంగతి గుర్తు రాలేదు. గుర్తొచ్చినా చెయ్యి ఆగలేదు.

వెనకనుంచి చిన్నకోడలు కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"ఎవరికోసమక్కా ఈ కప్పడం?"

"తడిస్తే మళ్ళీ మట్టైపోతాయే."

"కానీ. మట్టి మట్టైతే ఎవరి సొమ్ము పోయింది?"

"మాటలు తర్వాత. ఆ కొస పట్టు."

చిన్నకోడలు ఆ కొస పట్టింది. వాళ్ళిద్దరి పని మొదటినుంచీ అంతే. నోళ్ళు ఒక దారిన పోతుంటాయి, చేతులు ఇంకో దారిన కలిసే పోతుంటాయి.

వెనకటి సంగతులు తెలియనివాళ్ళ కోసం ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి. బొగ్గుతో కాల్చే బట్టీలు ఇక ఉండకూడదన్నారు. పొగ పోవాలన్నారు. పొగ పోవాలని అందరికన్నా ముందు కోరుకున్నది బట్టీ పక్క గదుల్లో ఉండే పనివాళ్ళే, ఎందుకంటే దాన్ని మింగింది వాళ్ళు. చిన్నకోడలి మొగుణ్ణి దగ్గించి దగ్గించి తీసుకుపోయింది ఆ పొగే. బట్టీ పక్కన కొత్త ఫ్యాక్టరీ లేచింది. అందులో ఇటుకను కాల్చరు, యంత్రంతో నొక్కుతారు. ఆ యంత్రం ఎండనుంచి పుట్టిన కరెంటుతో తిరుగుతుంది. పట్నంలో శిక్షణ పొందినవాళ్ళకే అక్కడ పని. బట్టీ మీద నిలబడి చిల్లుల్లోంచి బొగ్గు వేసే నిప్పుపనివాళ్ళు ముందే శిక్షణకు వెళ్ళిపోయారు. వాళ్ళలో పెద్దకోడలి మొగుడూ ఉన్నాడు. ఇక మిగిలింది అచ్చుపనివాళ్ళు. వాళ్ళకు జతకు ఒక సీటు అన్నారు.

అచ్చుపని ఒంటరిగా ఎవరూ చెయ్యరు. ఒకరు మట్టి తొక్కి, ముద్ద చేసి అందిస్తే, ఇంకొకరు దాన్ని అచ్చులో కొట్టి, పైన గీసి, నేలమీద బోర్లిస్తారు. ఆ ఇద్దరినీ కలిపి జత అంటారు. చాలావరకు మొగుడూ పెళ్ళాలే. పిలిచేది మాత్రం మొగుడి పేరుతో. చిన్నకొడుకు పోయాక ఈ తోటికోడళ్ళిద్దరూ కలిసి జత కట్టారు. మగాడు లేని జతను ఏమని పిలవాలో మేస్త్రికి తోచలేదు. నడుము పడిపోయి ఇంట్లో కూర్చున్న మామగారి పేరు తగిలించాడు. ఆయన అరచెయ్యి వెడల్పు చూసి కుర్రతనంలోనే ఆయనకు పెద్దచెయ్యి అని పేరు పడింది. అప్పటినుంచి ప్రతి పొద్దునా మేస్త్రి "పెద్దచెయ్యి జత!" అని కేకేస్తే, ఇద్దరాడవాళ్ళు ఒక్క గొంతుతో "వచ్చాం" అనేవాళ్ళు. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఆ నవ్వు కూడా పాతబడింది.

మొన్న శిక్షణ మేడమ్ వచ్చి అదే పేరు పిలిచింది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. మేడమ్ వాళ్ళ భుజాల మీదుగా ఆ మగమనిషి కోసం వెతికింది. సంగతి తెలిశాక, ఇద్దరిలో ఒకరికే చోటుందనీ, ఎవరో తేల్చుకుని చెప్పమనీ గడువిచ్చింది. ఆ గడువు ఈ సాయంత్రంతో సరి.

పొద్దెక్కేసరికి మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా ఎటో వెళ్ళిపోయింది.

కుళాయి దగ్గర బకెట్ల వరస కట్టి ఉంది. వరసలో ముందు పక్కగది ఆవిడ. ఆమె నోరు మూతపడటం ఎవరూ చూడలేదు కనక అందరూ గలగలమ్మ అంటారు.

"ఏమ్మా పెద్దకోడలా, పంచుకున్నారా సీటు? మధ్యకి కోసుకుని చెరో చెక్కా తీసుకుంటారా?"

"నీకెందుకే ఆ బాధ? నీకొచ్చిందా?"

"మా ఆయనకొచ్చిందిగా! నేనిక కాలు మీద కాలేసుకుని కూర్చుంటా. ఇన్నాళ్ళూ మట్టి తొక్కింది నేను, పాఠం చెప్పించుకునేది ఆయన." పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో సగంలో తెగింది. బకెట్టు నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. "అది సరేగానీ, నీకేం తొందర? నీ మొగుడు ముందే వెళ్ళాడు. చిన్నదానికి ఇచ్చెయ్. దిక్కులేని పిల్ల. నలుగురూ నిన్ను మెచ్చుకుంటారు."

పెద్దకోడలు తన బకెట్టు ముందుకు జరిపింది. ఆమె తక్కువ మాట్లాడుతుంది. మాట లేక కాదు, బయటికి తీసేముందు ఎన్నిసార్లో తిప్పి చూసుకుంటుంది. ఈసారి తిప్పి చూసుకున్న మాట మరీ బరువుగా ఉండి నోటిదాకా రాలేదు.

నలుగురూ మెచ్చుకోవడం అప్పుడే మొదలైంది కూడా. కొట్టువాడు మెచ్చుకున్నాడు. ఫోనులో మొగుడు మెచ్చుకున్నాడు, "నువ్వెలాగూ చిన్నదానికే ఇస్తావుగా, నాకు తెలుసు" అన్నాడు. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె ఏం చేస్తుందో అందరూ ముందే నిర్ణయించేసి, ఆ చెయ్యని మంచిపనికి పొగడ్త కూడా ముందే ఇచ్చేశారు. ఇచ్చినదాన్ని ఇప్పుడు వెనక్కి ఎలా ఇవ్వాలి?

ఆమెకు ఆ సీటు కావాలి.

ఫ్యాక్టరీ చూపించడానికి అందరినీ తీసుకెళ్ళిన రోజున ఆమెకు ఆ కోరిక పుట్టింది. యంత్రం పక్కన పనిచేసే మనిషి కోసం ఒక ఎత్తైన స్టూలు వేసి ఉంది. మిగతావాళ్ళు ముందుకు నడిచిపోతుంటే ఆమె దాని మీద కూర్చుని చూసింది. కాళ్ళు కిందికి వేలాడాయి. మోకాళ్ళు ముడుచుకోనక్కర్లేదు. తల వంచనక్కర్లేదు. ఇటుక ఆమె కళ్ళ ఎత్తుకే వస్తుంది. పెళ్ళైన నాటినుంచి ఆమె గొంతుక్కూర్చునే బతికింది. పొద్దున గొంతుక్కూర్చుని, సాయంత్రం లేచేటప్పుడు ఒంట్లో ఒక్కో కీలునూ బతిమాలుకుని లేచింది. స్టూలు మీద అలా కూర్చుని కూడా రోజంతా పని చెయ్యొచ్చని ఆమెకు అంతకుముందు తెలియదు. తెలిశాక మరిచిపోవడం ఆమె వల్ల కావడం లేదు. చిన్నదానికి అన్యాయం చేస్తున్నానేమో అని ఒక పక్క గుండె పీకుతోంది. చిన్నదాని మీద ఆమెకున్న ప్రేమలో లోటేమీ లేదు. అదే చిక్కు.

సాయంత్రం ఇద్దరూ కలిసే బయలుదేరారు. రేకుల షెడ్డు కింద మేడమ్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆమె వయసులో చిన్నదే గానీ, కళ్ళ కింద నిద్ర చాలని నలుపు ఉంది. పక్కన మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని, షెడ్డును తానే మోస్తున్నట్టు నిలబడ్డాడు. వెనక బల్ల మీద మిగతా జతల ఆడవాళ్ళు నలుగురైదుగురు, వాళ్ళ నడుమ గలగలమ్మ. మొగుళ్ళ ప్రయాణం ఎప్పుడో కనుక్కోవడానికి వచ్చారు.

"రండమ్మా. కూర్చోండి. తేల్చుకున్నారా?" అంది మేడమ్.

"అక్క చెబుతుంది" అంది చిన్నకోడలు. ఆ మాటలో అనుమానం లేదు. పొద్దుటి నుంచీ ఆమె మొహం మీద ఒక చిన్న వెలుగు ఉంది. దాన్ని దాచుకోవడానికి ఆమె పడుతున్న పాట్లు పెద్దకోడలు చూస్తూనే ఉంది.

"నాకు కావాలి మేడమ్" అంది పెద్దకోడలు.

షెడ్డు రేకు ఎండ దిగి ఒకసారి టక్కుమంది. చిన్నకోడలు ముందు నవ్వింది. అక్క హాస్యమాడిందనుకుంది. అక్క హాస్యమాడదని ఆ వెంటనే గుర్తొచ్చింది.

"అదేంటక్కా?"

"అడిగారు, చెప్పాను."

"బావగారికి వచ్చింది కదా!"

"మీ బావగారికి వచ్చింది. నాకు రాలేదు."

"ఒకే ఇల్లు కదా అక్కా. ఎవరికొస్తే ఏంటి?"

"ఎవరికొస్తే ఏంటని నీకే అనిపిస్తే, నాకు రావడం వల్ల నీకు బాధ ఉండకూడదే."

చిన్నకోడలి మొహం ఎర్రబడింది. "అంటే? నేను ఎవర్ని చూసుకుని బతకాలి? ఆయన పోయాక నాకెవరున్నారు? నువ్వున్నావనుకున్నా. రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో తెలుసా? ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది."

"నువ్వు నిద్రపోయావు. నాకు పట్టలేదు."

"అలాంటప్పుడు ఆ ముక్క నిన్ననే అనొచ్చుగా! నా మొహం మీద అనొచ్చుగా! పొద్దున పట్టా కొస పట్టమన్నప్పుడు అనొచ్చుగా!"

"నోరు రాలేదే." పెద్దకోడలు ఆమె వైపు తిరిగింది. "నీకు మొగుడు లేడని నీకివ్వమంటున్నారు. నాకు మొగుడున్నాడని నాకొద్దంటున్నారు. ఆయన ఉన్నాడో లేడో చూసి తూస్తున్నారు గానీ, పనిచేసింది మనమని ఒక్కరు కూడా అనడం లేదు. నేను పట్టిన అచ్చు ఏమైపోయింది? నువ్వు తొక్కిన మట్టి ఏమైపోయింది?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "చూశారా మేడమ్, ఆడవాళ్ళని జత కట్టిస్తే ఇదే గోల. మగాడుంటే ఒక్క మాటతో..."

"నువ్వుండు మేస్త్రీ" అని చిన్నకోడలు గయ్యిమంది. "మా అక్కా నేనూ కొట్టుకుంటే మధ్యలో నీ పెత్తనమేంటి? ఇది మా ఇంటి తగువు."

బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు.

పెద్దకోడలు తన చేతుల వైపు చూసుకుంది. అప్పుడు ఆమెకు, తను అడగాలనుకున్నది అసలు ఇది కాదనిపించింది. చెల్లి చేతిలోది లాక్కోవాలని కాదు కదా తను ఇంత దూరం వచ్చింది.

"మేడమ్, ఒక మాట అడుగుతాను, తప్పైతే చెప్పండి. నిప్పుపని కూడా ఇద్దరిద్దరే చేస్తారు. ఒకరు చిల్లు మూత తీస్తే ఒకరు బొగ్గు వేస్తారు. మా ఆయన ఒక్కడే ఎప్పుడూ నిప్పు నడపలేదు. ఆయనకో సీటిచ్చారు, ఆయన తోటివాడికీ ఇచ్చారు. మా దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ కలిపి ఒకటి ఎందుకైంది?"

"అది వేరు" అన్నాడు మేస్త్రి. "ఇది జత."

"వాళ్ళది జత కాదా?"

"వాళ్ళు మగాళ్ళు కదా, ఇద్దరు మనుషులు!"

మాట జారాక గానీ అతనికి వినబడలేదు.

"మరి మేమెంతమందిమి మేస్త్రీ?" అంది చిన్నకోడలు. ఈసారి ఆమె అరవలేదు, మెల్లగా అడిగింది. "ఒకరమా? ఒకటిన్నరా? మాలో ఏది ముక్క, ఏది మనిషి?"

బల్ల మీద ఆడవాళ్ళు గొల్లుమన్నారు. గలగలమ్మ ఒక్కతే నవ్వలేదు. మేస్త్రి నీళ్ళు నములుతూ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కూడా నవ్వలేదు. కుర్చీని కొంచెం ముందుకు జరుపుకుంది.

"ఈ ప్రశ్న నేనిక్కడికి వచ్చిన మొదటి వారమే నాకూ తోచిందమ్మా. పైవాళ్ళను అడిగాను కూడా. జత అంటే ఒక కుటుంబం, కుటుంబానికి ఒక మనిషి అని ఈ బట్టీ నుంచే చెప్పారట. అక్కడ అలాగే ఖాయం చేశారు. కాదన్నవాళ్ళు లేరు."

"ఆడవాళ్ళను అడిగారా?"

"లేదు. ఆడవాళ్ళు వచ్చి అడగడం కూడా ఇదే మొదలు."

"ఇప్పుడడుగుతున్నాం కదా" అంది పెద్దకోడలు. "పొగ పోవడం మంచిదే మేడమ్. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళం, మాకు వేరే చెప్పాలా? కానీ పొగతో పాటు మమ్మల్ని కూడా ఊడ్చెయ్యాలా?"

మేడమ్ ఒక్కో మాటా ఏరి పెట్టింది. "నేను అబద్ధం చెప్పి మిమ్మల్ని ముందుకు తొయ్యలేను. మీ ఒక్క జత అడిగితే, ఇదేదో ఇంటి తగాదా అని పక్కన పడేస్తారు. అన్ని జతల ఆడవాళ్ళూ వచ్చి, మేమూ పనివాళ్ళమే, మాకు మా సీటు కావాలి అని అడిగితే నేను దాన్ని పట్టుకుని పోట్లాడగలను. కానీ అది తేలేదాకా జతల సీట్లన్నీ ఆగిపోతాయి. ఇప్పుడు వచ్చిన మగవాళ్ళవి కూడా. శిక్షణకు పట్నం వెళ్ళే సోమవారం బస్సు కదలదు. ఫ్యాక్టరీ మాత్రం ఆగదు. ఆలస్యమైతే బయటినుంచి మనుషుల్ని తెచ్చుకుంటుంది. గెలిస్తే ఇద్దరికీ వస్తుంది. లేకపోతే ఒకరికీ లేకుండా పోవచ్చు."

నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. బల్ల మీదివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి నేల చూపులు చూస్తున్నారు.

"అదంతా ఎందుకనుకుంటే, రేపు పొద్దున ఒక్క పేరు చెప్పండి. మీరిద్దరిలో ఎవరైనా సరే. అయితే జత ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఒప్పుకోవాలి. మీ మామగారు."

మేస్త్రి చప్పున తల పైకెత్తాడు, మళ్ళీ దించుకున్నాడు. గలగలమ్మ బల్ల మీదినుంచి లేచింది. ఏదో అంటుందనుకుని అందరూ చూశారు. ఆమె ఏమీ అనకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరే మిగతావాళ్ళు.

ఇంటి దారిలో తోటికోడళ్ళ మధ్య ఒక బండి పట్టేంత దూరం ఉంది. చిన్నది ముందు, పెద్దది వెనక. పని లేని మట్టి గుంటల్లో నీళ్ళు పచ్చగా పాచి పట్టాయి. చివరి గుంట దగ్గర చిన్నది ఆగింది, వెనక్కి తిరగలేదు.

"ఆ రోజు ఫ్యాక్టరీలో నువ్వు స్టూలు మీద కూర్చోవడం చూశా" అంది.

పెద్దకోడలు కూడా ఆగిపోయింది.

"చూసి నవ్వుకున్నా. కాళ్ళు నొప్పులేమో, కాసేపు కూర్చుంది పాపం, అనుకున్నా. అంతకుమించి నాకు తోచలేదు."

"నాకూ ఇంటికొచ్చేదాకా తోచలేదే."

"నాకు కోపం పోలేదక్కా."

"పోనక్కర్లేదు."

"ఇద్దరికీ అడుగుదాం అంటే ఒకటి కూడా పోతుందంటోంది ఆవిడ."

"అంటోంది."

"పోతే?"

పెద్దకోడలు గుంటలోని పాచి వైపు చూసింది. "నీకిస్తే నిన్ను చూసి రోజూ ఏడుస్తా. నేను తీసుకుంటే నీ మొహం చూడలేక చస్తా. పోతే ఇద్దరం కలిసే పోగొట్టుకుంటాం. ఇంతకన్నా నాకు తెలియదు."

చిన్నకోడలు ముక్కు ఎగబీల్చింది. "నలుగురూ నిన్ను అనవసరంగా మంచిదంటారక్కా" అంది. ఆ మాటలో కోపం ఎంతో, నవ్వు ఎంతో ఆమెకే తెలియాలి. మళ్ళీ నడిచేటప్పుడు ఆ బండి దూరం కొంచెం తగ్గింది.

గది తలుపు బార్లా తీసి ఉంది. మామగారు మంచం మీద లేచి, గోడకు ఆనుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆయన ఆ చొక్కా వేసుకోవడం చిన్నకొడుకు పోయిన రోజు తర్వాత మళ్ళీ ఇదే.

"ఎవరొచ్చారు మావయ్యా?" అంది పెద్దకోడలు.

"మేస్త్రి వచ్చాడు. మధ్యాహ్నం."

"ఎందుకు?"

ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఇద్దరు కోడళ్ళూ ఒక్క సీటు కోసం కొట్టుకు చస్తారు, వీధిన పడతారు అన్నాడు. ఆ మాట నిజమేననిపించింది. సీటు వాడి అల్లుడికి ఇచ్చేశాను. మన ఇంటి మనిషని చెప్పుకుంటాడట. నేను ఒప్పుకున్నానని మేడమ్‌తో చెప్పమన్నాడు. చెబుతానని మాటిచ్చాను."

చిన్నకోడలు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఊరికే ఇవ్వలేదు" అన్నాడు ముసలాయన, ఎవరో గద్దించినట్టు. "బట్టీ స్థలంతో పాటు ఈ గదులు కూడా పోతాయి. మనకు మాత్రం ఈ గది ఉండేట్టు చూస్తానన్నాడు. నేను పోయేదాకా. సీటు ఒకరికే వస్తుంది. గదైతే ముగ్గురికీ నీడ."

"మాకు ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా మావయ్యా?"

"నా పేరే కదమ్మా" అన్నాడు. అందులో గర్వం లేదు, దబాయింపు లేదు. ఉన్న విషయం చెబుతున్నానని ఆయన అనుకున్నాడు.

పెద్దకోడలికి అరవాలనిపించింది. అరవడానికి ఆయన మీద కోపం చాల్లేదు. ప్రతి పొద్దునా ఆ పేరు గాల్లోకి లేస్తే పరుగెత్తుకెళ్ళి పలికింది ఎవరు? నా పేరు ఇది కాదు మేస్త్రీ అని ఒక్క రోజైనా తను అనలేదు. అందరితో పాటు తనూ నవ్వింది. ఆ నవ్వులో పడి ఇద్దరి చాకిరీ కొద్దికొద్దిగా మంచం మీది మనిషి సొత్తైపోయింది. సొత్తు కనకే ఆయన ఎవరికిస్తే వాళ్ళదైంది.

"ఆ పేరుకు పలికింది మేము మావయ్యా" అంది చివరికి. "మీరు కాదు."

ఆయన తన కుడిచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, అది ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు.

పొయ్యి వెలిగించింది ఎవరో, కూర తరిగింది ఎవరో ఇద్దరికీ గుర్తు లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చీకటి పడకముందే ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. పెద్దకోడలు వడ్డించింది. మామగారికి ఎప్పటిలాగే మెత్తటి అన్నం పైనుంచి తీసి పెట్టింది. ఆయన తలెత్తలేదు.

మొదటి ముద్ద తీసుకునేసరికి బయట చెప్పుల చప్పుడైంది.

ఒకరివి కాదు. ఒక జత ఆగితే ఇంకో జత వచ్చి ఆగుతోంది. గుమ్మం పక్కన గోడకు ఎవరో ఆనుకున్నట్టున్నారు, సున్నం రాలిన శబ్దం వచ్చింది. చిన్నకోడలు అక్క వైపు చూసింది. వచ్చింది ఎవరో ఇద్దరికీ తెలుసు. మిగతా జతల ఆడవాళ్ళు. మేమూ వస్తాం, కలిసి అడుగుదాం అనడానికి వచ్చారా? మా మొగుళ్ళ సీట్లు ఆపే హక్కు మీకెవరిచ్చారని తలుపు ముందు నిలదియ్యడానికి వచ్చారా? చప్పుడును బట్టి చెప్పడానికి లేదు.

పెద్దకోడలు లేవబోయింది.

"తిననివ్వండే వాళ్ళని" అంది బయట గలగలమ్మ గొంతు. అంత తక్కువ గొంతుతో ఆమె మాట్లాడటం ఎవరూ ఎన్నడూ విని ఉండరు. "తిన్నాకే మాట్లాడదాం."

ఆ గొంతులో ఏముందో కూడా తెలియలేదు.

పెద్దకోడలు మళ్ళీ కూర్చుంది. చిన్నకోడలు తన కంచం తీసి, అక్క పక్కకు జరిగి, భుజం తగిలేంత దగ్గరగా పెట్టుకుంది. ముసలాయన చెయ్యి కంచంలోనే ఆగి ఉంది. కొంతసేపటికి అదీ కదిలింది. లోపలివాళ్ళు తింటున్నారు, బయటివాళ్ళు కాచుకుని ఉన్నారు. ఆఖరి మెతుకు దాకా ఎవరూ మాట్లాడలేదు.